సినిమా చూడకుండా మార్వెల్ అభిమానిగా కొనసాగడం ఎలా?

బెజవాడ గవర్నర్‌పేటలోనో, పక్కనే గాంధీనగర్‌లోనో పెరిగిన మార్వెల్ అభిమానులారా, మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. 2018లో రానా దగ్గుబాటి గొంతుతో థానోస్ తెలుగు మాట్లాడితే పొంగిపోయారు. 2019 ఏప్రిల్ 26న ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ పడితే మూడు గంటల ఒక్క నిమిషం సీటు అంచున కూర్చున్నారు. థోర్ సుత్తి కెప్టెన్ అమెరికా చేతికి వచ్చినప్పుడు గొంతు పోయేలా అరిచారు. ఐరన్ మ్యాన్ చిటికె వేసి ప్రాణం వదిలితే చీకట్లో కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత మనసు చల్లబడింది. ఇప్పుడు కొత్త బొమ్మ పడుతోందంటే ముందు ఆవలింత వస్తోంది.

కానీ చుట్టాల్లో, స్నేహితుల్లో మీకు ‘మార్వెల్ గాడు’ అని పేరుంది. సినిమాలు చూడాలంటే బద్ధకం, పేరు వదులుకోవాలంటే ప్రాణం ఒప్పదు. ఈ రెండింటి మధ్య నలిగిపోవాల్సిన అవసరం లేదు. కింద చెప్పినవి తప్పకుండా పాటించండి. ఏడాది తిరిగేసరికి మీరు ఒక్క సినిమా కూడా చూసి ఉండరు, పేటలో మీ అంత అభిమాని ఇంకొకడు ఉండడు.

1. ముందు తీర్పు, తర్వాత సినిమా

కొత్త సినిమా పేరు ఎవరు ఎత్తినా, వాళ్ల మాట పూర్తి కాకముందే “ఎండ్‌గేమ్‌తోనే అయిపోయిందిరా” అనండి. ఈ ముక్క ఏ సినిమాకైనా పనికొస్తుంది, ట్రైలర్ చూడాల్సిన పని కూడా లేదు. దాని వెనక రెండు అంకెలు దగ్గర పెట్టుకోండి. ఎండ్‌గేమ్ ప్రపంచమంతా కలిపి దాదాపు 280 కోట్ల డాలర్లు తెచ్చింది. 2023 నవంబర్‌లో వచ్చిన ‘ది మార్వెల్స్’ 20 కోట్ల డాలర్లు దాటి కాస్త దూరంలోనే ఆగిపోయింది, మార్వెల్ స్టూడియోస్ తీసిన వరస మొత్తంలో అదే అట్టడుగు. అంకెలు చెప్పేవాణ్ని “నువ్వు చూశావా?” అని అడగడానికి ఎవరికీ నోరు రాదు. ఒకవేళ అడిగితే “చూసేదేముంది” అనండి. అందులో చూశాననీ లేదు, చూడలేదనీ లేదు.

‘ది మార్వెల్స్’ నిడివి గంటా నలభై అయిదు నిమిషాలేనని, ఈ వరసలో అదే పొట్టిదని మాత్రం మీ నోటితో చెప్పకండి. ఆ కాస్త సేపు కూడా కూర్చోలేకపోయాడా అనుకుంటారు.

2. హోమ్‌వర్క్ మీద నెట్టేయండి

పాతవన్నీ చూశాకే కొత్తది చూడాలనడం రాజమార్గం, పైగా సాక్ష్యం ఉన్న సాకు. మార్వెల్ స్టూడియోస్ అధినేత కెవిన్ ఫైగీయే 2025లో విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. 2007 నుంచి 2019 దాకా తీసిన కథలన్నీ కలిపితే 50 గంటల దాకా వచ్చాయట. ఎండ్‌గేమ్ తర్వాత అందులో సగం కాలంలోనే 100 గంటలు దాటిపోయాయని, అది మరీ ఎక్కువైందని ఆయన మాట. 2021, 2022 రెండేళ్లలోనే 7 సినిమాలు, 8 సిరీస్‌లు దించేశారు. వండినవాడే ఎక్కువైందంటుంటే తినేవాడు చేయి కడుక్కోవడంలో తప్పేముంది?

కాబట్టి ఎవరు పిలిచినా “రావాలనే ఉంది మావా, పాతవి చూడకుండా వస్తే కథ అర్థం కాదు కదా” అనండి. ఉదాహరణ కూడా పట్టుకోండి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘కెప్టెన్ అమెరికా: బ్రేవ్ న్యూ వరల్డ్’లో విలన్ ఎవరో తెలియాలంటే 2008 నాటి ‘ది ఇంక్రెడిబుల్ హల్క్’ గుర్తుండాలి. ఆ శాస్త్రవేత్తను అక్కడ తల ఉబ్బుతుండగా వదిలేసి, పదిహేడేళ్లకు మళ్లీ పట్టుకొచ్చారు. అదే సినిమాలో సముద్రంలో తేలిన రాతి మనిషి సంగతి తెలియాలంటే 2021 నాటి ‘ఎటర్నల్స్’ చూడాలి. జనరల్ రాస్ వేషం వేసిన విలియం హర్ట్ 2022లో పోయారు, ఆ వేషంలోకి హారిసన్ ఫోర్డ్ వచ్చారు. ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తే అవతలివాడికి సగం ఉత్సాహం అక్కడే పోతుంది. వాడు కూడా మానేస్తే మీకు ఇంకా మేలు, పక్కన చూసొచ్చినవాడు ఉండడు.

ఫోన్‌లో ‘చూడాల్సినవి’ అని ఒక జాబితా రాసి పెట్టుకోండి. దాంట్లో కొత్తవి చేరుస్తూ పోండి, ఒక్కటీ కొట్టేయకండి. అడిగినవాళ్లకు జాబితా చూపించండి. ‘వాండావిజన్’ రెండో ఎపిసోడ్ దగ్గర ఉన్నానని చెప్పండి. “అది బ్లాక్ అండ్ వైట్‌లో ఉంటుంది కదరా, అమ్మ పాత సినిమా అనుకుని పక్కన కూర్చుంది, సావిత్రి ఎప్పుడొస్తుందని అడుగుతోంది, ముందుకు కదల్లేకపోతున్నా” అనండి. అమ్మ పేరు చెబితే ఇక ఎవరూ గుచ్చి అడగరు. ఈ రెండో ఎపిసోడ్‌తో అయిదేళ్లు లాగించవచ్చు.

3. హాలు సాకు ఊరును బట్టి ఉండాలి

టికెట్ రేటు ఎక్కువన్న సాకు బెజవాడలో వాడొద్దు, పట్టుబడతారు. మన రాష్ట్రంలో ధరలు ప్రభుత్వ జీవో ప్రకారం నడుస్తాయి. 2021లో బాగా తగ్గించారు, 2022 మార్చిలో సవరించారు. హైదరాబాద్‌లో ఉండే మీ బావ ఆ మాట వింటే మీ దగ్గరకే వచ్చి చూస్తానంటాడు, టికెట్ మీరే తీయాల్సి వస్తుంది.

దానికి బదులు అభిరుచి సాకు వాడండి. ఇంగ్లిష్‌లో వేస్తే “మన జనంతో కలిసి తెలుగులో చూస్తేనే ఊపు” అనండి. తెలుగులో వేస్తే “డబ్బింగ్‌లో అసలు గొంతులు పోతాయి” అనండి. రెండూ వేస్తే త్రీడీ కావాలని, త్రీడీ ఉంటే కళ్లజోడు మీద కళ్లజోడు నిలబడదని చెప్పండి.

అన్నిటికంటే గట్టిది నవరంగ్ సాకు. ఇంగ్లిష్ సినిమా అంటే ఒకప్పుడు మన ఊళ్లో నవరంగ్ హాలే. “అక్కడ పడితే చూస్తాను, మాల్‌లో పాప్‌కార్న్ డబ్బా పట్టుకుని చూసేది కూడా ఒక చూడటమేనా?” అని నిట్టూర్చండి. పెద్దవాళ్లు మెచ్చుకుంటారు, కుర్రాళ్లు ఎదురు చెప్పలేరు. తీరా అక్కడే పడిందని ఎవడైనా కబురు తెస్తే ఏలూరు రోడ్డు ట్రాఫిక్ ఉండనే ఉంది.

4. టికెట్లు బుక్ చేసే బాధ్యత మీరే తీసుకోండి

“నేను చూసుకుంటాలే” అని ముందే అనండి. డబ్బు అందరి దగ్గరా వసూలు చేయండి. తర్వాత ఊరుకోండి. శుక్రవారం మధ్యాహ్నానికి తెర ముందు వరస తప్ప మిగలదు. అప్పుడు “మెడ పట్టేస్తుంది, వద్దులే” అని మీరే తేల్చండి. డబ్బు వెనక్కి ఇవ్వడానికి తొందర లేదు, వచ్చే సినిమాకి ఉంటుందని చెప్పండి. రెండు సినిమాలు ఇలా గడిచేసరికి మిమ్మల్ని పిలవడం వాళ్లే మానేస్తారు. మీరు ఒక్కసారి కూడా రానని అనలేదు. ఆ రోజు మాత్రం ఎండ్‌గేమ్ నాటి టీషర్టు, బీసెంట్ రోడ్డులో బేరమాడి కొన్నది, వేసుకుని వీధిలో కనబడండి. బొమ్మ ఎంత వెలిసిపోతే మీ అభిమానం అంత పాతదని జనం లెక్క.

5. మేనల్లుణ్ని దారిలో పెట్టండి

అసలు ప్రమాదం స్నేహితుల నుంచి రాదు, పదేళ్ల మేనల్లుడి నుంచి వస్తుంది. “మావయ్యా, ఫెంటాస్టిక్ ఫోర్‌కి తీసికెళ్తావా?” అని అడుగుతాడు. వాడికి ఐరన్ మ్యాన్ బొమ్మ కొనిచ్చింది మీరే. వాడి కళ్లల్లో 2012 నాటి మీరు కనిపిస్తారు. ఇక్కడ మెత్తబడ్డారో, హాలు, పార్కింగ్, ఐస్‌క్రీమ్, రాను పోను రెండున్నర గంటల ప్రశ్నలు అన్నీ మీ నెత్తినే పడతాయి.

మొదటివారం “వచ్చే ఆదివారం తప్పకుండా” అనండి. ఆదివారం వస్తే “ఈ రోజు రష్ రా, కాస్త తగ్గనీ” అనండి. రష్ తగ్గితే “ఎవరూ లేని హాల్లో ఏం బాగుంటుంది?” అనండి. సినిమా తీసేశాక “అయ్యో, ఓటీటీలో వస్తుందిలే” అని ఓదార్చండి. ఓటీటీలో వచ్చాక “ఇది పెద్ద తెర మీద చూడాల్సిన సినిమారా కన్నా, టీవీలో చూసి పాడు చేసుకోకు” అని బుద్ధి చెప్పండి. ఈ చుట్టు పూర్తయ్యేసరికి రెండు మూడు నెలలు గడుస్తాయి, వాడికి పరీక్షలు వస్తాయి.

వాడు మొండివాడైతే వాళ్ల నాన్నతో పంపించండి. అందులోనూ మీకే లాభం. తిరిగొచ్చాక వాడు చెప్పులైనా విప్పకుండా కథ మొత్తం చెబుతాడు, ఫైట్లు చేసి మరీ చూపిస్తాడు, సోఫా మీద నుంచి దూకుతాడు. నోరు మూసుకుని వినండి, పేర్లు గుర్తు పెట్టుకోండి. పది నిమిషాల్లో మీకు సినిమా వచ్చేసింది. ఇక సాయంత్రం టీ కొట్టు దగ్గర అదే కథ మీ మాటల్లో చెప్పండి. వాడు చెప్పడం ఆపగానే మాత్రం పొగడకండి. “అది కామిక్స్‌లో అలా ఉండదురా” అని ఒక తప్పు పట్టండి. కామిక్స్ మీరూ చదవలేదు, ఆ సంగతి వాడికి తెలియదు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల ముందు నడిచిన అనుభవం చాలు, కామిక్స్ గురించి మాట్లాడే హక్కు వచ్చేస్తుంది.

ఇలా నాలుగైదుసార్లు తప్పు పడితే వాడు మీకు కథలు చెప్పడం మానేస్తాడు. ఐరన్ మ్యాన్ బొమ్మ అటక ఎక్కుతుంది. అక్కడితో ఈ చిట్కా ఫలించినట్టే, ఇక ఏ శుక్రవారమూ మీ గుమ్మం దగ్గర ఎవరూ నిలబడరు.

6. తప్పక హాలుకి వెళ్లాల్సి వస్తే ముందే లేవండి

చివర పేర్లు పడగానే లేచిపోండి. ఒకప్పుడు చివరి పేరు దాకా కూర్చున్నవాళ్లే మీరు. ఇప్పుడు అవసరం లేదు, పేర్ల మధ్య, పేర్ల తర్వాత చూపించే ఆ చివరి ముక్కలకు ఫలితం రావడం లేదు. 2021లో ‘ఎటర్నల్స్’ చివర హ్యారీ స్టైల్స్‌ను చూపించారు, 2022లో ‘డాక్టర్ స్ట్రేంజ్’ రెండో సినిమా చివర షార్లీజ్ థెరాన్‌ను చూపించారు. ఏళ్లు గడిచినా వాళ్ల కథ ముందుకు నడవలేదు. బాకీలు తీర్చనివాడి దగ్గర కొత్త ప్రామిసరీ నోటు తీసుకోకండి. బండి ముందు బయటపడటమే ఆ సాయంత్రం మీకు దక్కే లాభం.

7. మన హీరోల్ని అడ్డం పెట్టుకోండి

ఎవరైనా మరీ నిలదీస్తే సొంతగడ్డ మీద ప్రేమ బయటికి తీయండి. “ఎన్టీఆర్ 1980లోనే ‘సూపర్‌మ్యాన్’ వేశారు, వాళ్ల గొప్పేంటి?” అనండి. 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ తీసిన ‘హనుమాన్’, అందులో హీరో తేజ సజ్జానే 2025 సెప్టెంబర్‌లో చేసిన ‘మిరాయ్’, ఈ రెండు పేర్లు చెప్పండి. మనోళ్లు ఇంత తీస్తుంటే అమెరికా వాళ్లవి ఎందుకని అడగండి. అప్పుడు ‘మిరాయ్’ చూశావా అని అడిగితే “మార్వెల్ చూసి చూసి ఈ జానర్ మీదే విరక్తి పుట్టింది” అనండి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని, రెండోదాన్ని చూపించి మొదటిదాన్ని ఎగ్గొట్టవచ్చు.

8. మంచి సినిమా వస్తే జాగ్రత్త

మధ్యమధ్యలో వాళ్లు నిజంగానే మంచి సినిమా తీసేస్తారు. ‘స్పైడర్ మ్యాన్: నో వే హోమ్’ అలాంటిదే, ముగ్గురు స్పైడర్ మ్యాన్‌లు ఒక్క తెర మీద నిలబడితే హాళ్లు ఊగిపోయాయి. అదృష్టం బాగుండి అది మన దేశంలో 2021 డిసెంబర్ 16న వచ్చింది, మర్నాడే ‘పుష్ప’ వచ్చింది. “పుష్ప హడావుడిలో కుదరలేదు” అన్న మాట ఈనాటికీ చెల్లుతుంది. 2023లో ‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ మూడో భాగం, 2024లో 130 కోట్ల డాలర్లు దాటిన ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ కూడా ఇలాగే ఇబ్బంది పెట్టాయి. ఇలాంటప్పుడు “పాత ముఖాల్ని చూపించి డబ్బు చేసుకుంటున్నారు” అని తేల్చేయండి. పొరపాటున కూడా చూడకండి. చూస్తే నచ్చుతుంది, నచ్చితే మళ్లీ మొదటికొస్తుంది.

9. డూమ్స్‌డే ఏర్పాట్లు

‘అవెంజర్స్: డూమ్స్‌డే’ ముందు 2026 మే 1 అన్నారు, తర్వాత డిసెంబర్ 18కి జరిపారు. మొదట కాంగ్ అనే విలన్ మీద కథ నడుపుతామన్నారు, ఆ వేషధారి జోనథన్ మేజర్స్‌ను 2023 డిసెంబర్‌లో తీసేశారు, 2024 జులైలో ఐరన్ మ్యాన్ వేషం వేసిన రాబర్ట్ డౌనీ జూనియర్‌నే డాక్టర్ డూమ్‌గా తిరిగి తెచ్చారు. ఈ మూడు ముక్కలూ కంఠతా పట్టండి. “వాళ్లకే నమ్మకం లేదు, మనకెందుకు?” అనడానికి సరిపోతాయి.

పిలుపులు వచ్చే రోజులివి. డౌనీ ముఖం మళ్లీ తెర మీద పడుతుందంటే మీ కాళ్లు కూడా హాలు వైపు లాగుతాయి. ఆ వారం పెళ్లి ఉందనండి, ధనుర్మాసంలో పెళ్లేంటని ఎవరైనా అంటే పుట్టినరోజు అన్నారేమో సరిగ్గా వినలేదనండి. మార్నింగ్ షో టైముకి బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తిని ఇంటికొచ్చి పడుకోండి. సాయంత్రానికి కథ మొత్తం ఫోన్‌లోకి వచ్చేస్తుంది, మొదటి రెండు నిమిషాలు, చివరి రెండు నిమిషాలు చూసి “నేను ముందే చెప్పా” అని స్టేటస్ పెట్టండి.

తర్వాతి సినిమా ‘సీక్రెట్ వార్స్’కి 2027 డిసెంబర్ అని ప్రకటించారు. సాకులు అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరకవు, ఇప్పటినుంచే రాసి పెట్టుకోండి.