ఊరి వైద్యం ఊళ్లోకి రాకుండా... పెద్దలకు కొన్ని చిట్కాలు

వైద్యం గడప దాకా వస్తే జనం ప్రతిదానికీ మన గుమ్మం తొక్కరు. సిఫారసు ఉత్తరాలకు గిరాకీ పడిపోతుంది. అది ఇష్టం లేని పెద్దలు కింది జాగ్రత్తలు తీసుకోవాలి.

1. స్థలం చూసి ఇవ్వండి: మైదానంలో 5,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ అని సర్కారు లెక్క. లెక్క జోలికి పోవద్దు. శ్మశానం దారిలో, వానాకాలం మోకాటిలోతు నీళ్లు నిలిచే పోరంబోకు ఉంటుంది చూశారా, అదే రాసివ్వండి. గుమ్మానికి నాలుగు మెట్లు కట్టించండి. ర్యాంపు సంగతి అడిగితే "బిల్లు రాగానే" అనండి. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ కింద నుంచే వెనక్కి తిరుగుతుంది.

2. ఆశా కార్యకర్తకు శాలువా కప్పండి: 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఏర్పాటు ఇది. దాదాపు 1,000 మందికి ఒకరు. గర్భిణుల పేర్లు రాయాలి, పసిపిల్లల టీకాలు గుర్తుచేయాలి, టీబీ రోగి మాత్ర మింగాడో లేదో చూడాలి, అర్ధరాత్రి కాన్పుకు తోడెళ్లాలి. చాలదన్నట్టు ఇంకో రెండు సర్వేలు అంటగట్టండి. పారితోషికం ఆలస్యమైందని అడిగితే "సేవ కదమ్మా" అనండి. మార్చి 8న మాత్రం శాలువా మరవకండి.

3. మాత్రలు వారానికే ఇప్పించండి: బీపీ, షుగర్ బిళ్లలు నెలకు సరిపడా ఇస్తే రోగి నిమ్మళంగా పనికి పోతాడు. వారం వారం రమ్మంటే ఆటో ఖర్చు, పోయిన కూలి లెక్కేసుకుని తనే మానేస్తాడు. తర్వాత పక్షవాతం వస్తే ఎలాగూ ఆరోగ్యశ్రీ ఉంది. పెద్దాసుపత్రి మంచం పక్కన నిలబడి ఫొటో దిగండి. రోజుకో బిళ్లతో ఆగే జబ్బుకు ఫొటో ఎవరు తీస్తారు?

4. తల్లులకు తెలివి రానీయకండి: లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, విరేచనాలయ్యే బిడ్డకు కొంచెం కొంచెంగా పట్టించవచ్చన్న సంగతి పొక్కితే సెలైన్ సీసాల వ్యాపారం నోట్లో మట్టే.

5. డోలీకి విచారం ప్రకటించండి: 108 అంబులెన్సు 2005 నుంచి ఉంది. అయితే దానికి రోడ్డు కావాలి. పాడేరు కొండల మీది గూడెం నుంచి నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చారని పేపర్లో పడిన రోజున "కలచివేసింది" అని ప్రకటన ఇవ్వండి. రోడ్డు ఫైలు ఎక్కడుందో మాత్రం వాకబు చేయకండి.

6. కమిటీని కాగితం మీదే ఉంచండి: గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఒకటుందని సభ్యులకే తెలియకూడదు. పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించండి.

చివరగా ఒక హెచ్చరిక. గ్రామసభలో ఓ పదిమంది లేచి "మందుల స్టాకు రిజిస్టరు చూపించండి, నర్సమ్మ వచ్చే రోజులు గోడ మీద రాయించండి" అన్నారంటే ఈ ఆరు చిట్కాలూ గంగలో కలిసినట్టే. అందుకని గ్రామసభ తేదీ మాత్రం ఎవరికీ చెప్పకండి.