ఒసాకా సందేశం: టీకా తాత్పర్య సహితం

మూలం: “మావయ్యా, ఒసాకాలో రెండ్రోజులు కాళీ దొరికింది. అమ్మ కూడా వస్తంది. ఏటి సూడాలి, ఏటి తినాలి?”

అవతారిక: రోలుగుంటలో పుట్టి హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు, ఆఫీసు పని మీద జపాను పోతూ రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వెలువరించిన వాక్యాలివి. నేను ఒసాకా చూడలేదు. నా దూరప్రయాణాలు అనకాపల్లి బెల్లం మార్కెట్టు దాకానే. అయితేనేం, మేఘసందేశానికి వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మబ్బెక్కి అలకాపురికి వెళ్ళొచ్చాడా? పైగా మా ఊరు కూర్చున్నచోటు కదలకుండానే 2022లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాకు వెళ్ళిపోయింది.

టీక: మావయ్యా = ఓ మేనమామా. వెనకాల డబ్బు ప్రస్తావన లేదు గనక ఈ సంబోధన అపూర్వం.

ఒసాకాలో = ఒకప్పుడు జపాను దేశానికే వంటిల్లని పేరుపడ్డ ఊరిలో. నలుమూలల బియ్యం పడవల మీద ఇక్కడికే చేరేది. 1730లో దోజిమా బియ్యం బజారుకు సర్కారు అనుమతి వచ్చింది. చేతికి రాని బియ్యానికి కాగితం మీదే బేరాలు సాగేవి. బెల్లం దిమ్మల వేలంపాట చూస్తూ పెరిగినవాడికి ఇందులో కొత్తేముంది?

రెండ్రోజులు కాళీ = శనాదివారాలు. ఆఫీసు మనిషికి వేరే ఖాళీ ఉండదు, ఇది అర్థాపత్తి. ఈ శనివారంతోనే చిక్కు. ముందు ముందు తెలుస్తుంది.

సూడాలి = సేనాని హిదెయోషి 1583లో కట్టడం మొదలెట్టిన కోట ఉంది. ఇప్పటి బురుజు 1931 నాటి కాంక్రీటు, లోపల లిఫ్టు. బయటనుంచి చూస్తే చాలు. దీపాలు వెలిగాక దోతొంబొరి కాలువ ఒడ్డు. ఇంతకుమించి రాస్తే గ్రంథవిస్తరం.

తినాలి = ఈ సందేశానికి ప్రాణం ఈ క్రియ. తిండి మీద ఇల్లు గుల్ల చేసుకోవడానికి ఆ ఊళ్ళో ఓ మాటే ఉంది, ‘కుయిదావొరె’ అని. అందులో అగ్రపూజ తకోయాకికి. ఇనప పెనం నిండా గుంటలు. జారుపిండి పోసి, గుంటకో ఆక్టోపస్ ముక్క వేసి, సన్నటి పుల్లతో గిర్రున తిప్పుతారు. పునుగులా గుండ్రంగా తేలుతుంది. పైన చల్లిన ఎండుచేప రేకులు ఆవిరికి ప్రాణమున్నట్టు మెలికలు తిరుగుతాయి. లోపల పిండి జారుగా, నాలిక కాలేంత వేడిగా ఉంటుంది; ఊదుకుని తినాలి. ఇది పుట్టింది 1935లో. దోతొంబొరిలో పరుగెత్తే మనిషి బొమ్మ మొదటిసారి వెలిగిందీ ఆ ఏడే. మరి రోలు, గుంట, రెండూ పేరులోనే ఉన్న ఊరివాడికి గుంటల పెనం దగ్గర జన్మహక్కు లేదా? మా ఊరి పేరుకు చరిత్రకారులు వేరే వ్యుత్పత్తి చెబితే చెప్పనీండి.

షిన్సెకైలో కుషికత్సు అని, పుల్లకు గుచ్చి వేయించి ఇస్తారు. అందరికీ ఒకటే సాసు గిన్నె ఉండేది. కొరికింది మళ్ళీ ముంచితే ఒప్పుకునేవారు కాదు. ఎంగిలి మన సొత్తే అనుకున్నాం ఇన్నాళ్ళూ.

పూర్వపక్షం: అక్క శనివారం నీచు ముట్టదు. కూరగాయలవేవో తింటే పోదా?

సిద్ధాంతం: పోదు. అక్కడి చారుకు మూలం ‘దాషి’. కొంబు అనే సముద్రపు నాచు, ఎండబెట్టిన చేప తురుము వేడినీళ్ళలో ఊరనిచ్చి వడగడతారు. మిసో సూపులో అదే, ఉదోన్ పులుసులో అదే, క్యాబేజీ దిబ్బరొట్టెలాంటి ఒకోనొమియాకి పిండిలోనూ అదే. వేయించిన టోఫు వేసిన కిత్సునె ఉదోన్ కంటికి నిష్ఠగానే కనబడుతుంది. ముక్క తీసి పక్కన పెట్టడానికి ముక్కంటూ ఉంటే కదా!

అలంకారం: యథాసంఖ్యం. రోజులు రెండు, క్రియలు రెండు, వరసగా అన్వయించుకోవాలి. మేనల్లుడు తెలియక రాసినా ఇందులో పరిష్కారం దాగుంది.

తాత్పర్యం: ఒరే, శనివారం అమ్మకి ఊరు సూపించు. ఆదివారం ఇద్దరూ కడుపారా తినండి. శనివారం పూటకి మాగాయ సీసా మూత బిగించి పెట్టెలో పెట్టు. తెల్లన్నం అక్కడ ఎక్కడైనా దొరుకుతుంది.