విన్నది విన్నట్టు

లండన్ ఆబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో ఆకుపచ్చ రంగు టేపు రికార్డర్ని నేను. పేరు బీటీఆర్-2. విన్నది విన్నట్టు పావు అంగుళం టేపు మీద దించడమే నా కొలువు. వేగం రవ్వంత తప్పినా పరువు పోయినట్టే.

1963 ఫిబ్రవరి 11న నలుగురు లివర్‌పూల్ కుర్రాళ్లు వచ్చి ఒక్క రోజులో పది పాటలు ముగించారు. జాన్ లెనన్‌కి జలుబు. గొంతు బొంగురుపోతుందని ‘ట్విస్ట్ అండ్ షౌట్’ను చివరికి ఉంచారు. క్లబ్బుల్లో గంటల తరబడి వాయించి రాటుదేలిన బీటిల్స్ వాళ్లు. వేదిక మీద ఎలా ఉంటారో టేపు మీదా అలాగే వినిపించారు.

1965లో ‘యెస్టర్‌డే’కి వయొలిన్లు, సెల్లో తోడయ్యాయి. ‘నార్వేజియన్ వుడ్’లో వాళ్లలో ఒకడైన జార్జ్ హారిసన్ సితార్ పట్టాడు. అయినా నా పని మారలేదు.

మార్చింది 1966 ఏప్రిల్. ‘టుమారో నెవర్ నోజ్’ కోసం తంబురా శ్రుతి మీద పాట నడిపించారు. టేపు ముక్కల్ని చుట్టలుగా అతికించి భవనంలోని వేర్వేరు యంత్రాల మీద తిప్పుతుంటే, సిబ్బంది పెన్సిళ్లతో వాటిని బిగువుగా పట్టుకుని నిలబడ్డారు.

గొంతు నిండుగా పలకాలంటే పాడిందే మళ్లీ పాడాలి. జాన్‌కి అది మహా విసుగు. ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ దానికో ఉపాయం కనిపెట్టాడు. నాలుగు ట్రాకుల స్టూడర్ యంత్రం నుంచి ఆ గొంతును నాకు పంపి, నా వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ తిరిగి తీసుకుని అసలు గొంతుతో కలిపాడు. ఒక్కడు పాడితే ఇద్దరు పాడినట్టయింది! తడబడకుండా తిరగడమే ధర్మమనుకున్న నన్ను కావాలని తడబడనిచ్చారు. నా బతుకులో అంతకు మించిన గర్వం లేదు. యంత్రాల గారడీ అనేవాళ్లతో నేను ఏకీభవించను. మాకు ఆ పని పెట్టిన ఆకలి ఆ నలుగురిది.

‘రివాల్వర్’ ఆల్బమ్ ఆగస్టు 5న వచ్చింది. అదే నెల అమెరికా పర్యటనలో అందులోని ఒక్క పాటా వాయించలేదు. ఆ నెల 29న శాన్‌ఫ్రాన్సిస్కో కచేరీతో పర్యటనలే మానేశారు.

నవంబరులో ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదలైంది. రికార్డు చేసిన వాటిలో ఒకదాని మొదలు, ఇంకోదాని చివర జాన్‌కి నచ్చాయి. శ్రుతి వేరు, లయ వేరు. నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ ఒకదాని వేగం పెంచి, రెండోదాని వేగం తగ్గించి, టేపు కోసి అతికించారు. పాట మొదలైన నిమిషానికి వస్తుంది ఆ అతుకు. చెవి పెట్టి వినండి.