పలక మీద భేతాళుడు

నేను మార్కాపురం పలకను. ఏనాటిదో నీటి అడుగున పేరుకున్న బంకమన్ను, భూమి ఒత్తిడికి పొరలు పొరలుగా విడిపోయే రాయి అయింది. నల్లమల పక్కనున్న ఈ రాతివరసకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టుకున్నది మన కంభం పేరే. నన్ను గనిలోంచి తీసి, చీల్చి, కోసి, నునుపు చేసి చెక్క చట్రంలో బిగించారు. నాతో పుట్టిన పలకలు ఎక్కడెక్కడి బడులకో వెళ్లిపోయాయి. నాకు ఓ మూల పెచ్చు లేచిపోవడంతో, ఫ్యాక్టరీలో కూలికి పోయే ఒకాయన కూతురి కోసం నన్ను ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ పిల్ల నా మీద ఎక్కాలు రాసింది తక్కువ, భేతాళుణ్ణి గీసింది ఎక్కువ.

ఇంట్లో చందమామ కొనే స్తోమత లేదు. లైబ్రరీలో కూచుని చదువుకోవాల్సిందే. అందుకని అందులోని భేతాళ కథ బొమ్మను కళ్లలో నింపుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చేది. 1952 నుంచి చందమామకు బొమ్మలు వేసిన శంకర్ గారి చేతిలో పుట్టిన బొమ్మ అది. రాజు చేతిలో దూసిన కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. మరిచిపోయేలోగా బలపంతో గీసేయాలి. పక్కన తమ్ముడు.

"అక్కా, కత్తి ఏ చేతిలో ఉందే?"

ఇద్దరికీ పోట్లాట. మర్నాడు తేల్చుకోవడానికి మళ్లీ లైబ్రరీకి. ఆ పోట్లాటల వల్లే రాజు మొహం, నడక, తలపాగా ఆ పిల్ల చేతికి వచ్చాయి. ఇష్టమంటే అంత పట్టింపు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

చీకటి పడేసరికి వాళ్లమ్మ, "ఎక్కాలు రాసుకోవాలి, తుడిచెయ్యి" అనేది. అరచేత్తో ఒక్క తుడుపు. రాజూ పోయేవాడు, శవమూ పోయేది. ఆ పిల్ల ఏడవలేదు. భేతాళుడు చెట్టెక్కిన ప్రతిసారీ రాజు మళ్లీ వెళ్లి దించుకొస్తాడని ఆ కథే చెప్పింది కదా! బడి లేనప్పుడు బొగ్గూ గుంటగలగరాకూ కలిపి నూరి నన్ను నల్లగా రుద్దేది. మళ్లీ మొదలుపెట్టేది.

లైబ్రరీలోని పాత సంచికల కట్టల్లో "భల్లూక మాంత్రికుడు" దొరికింది. నెలకో ముక్కగా వచ్చిన సీరియల్; మధ్యలో ఓ సంచిక లేకపోతే జరిగిందేమిటో అక్కాతమ్ముళ్లే కల్పించుకునేవాళ్లు. ఎవరు రాశారో వాళ్లకు తెలియదు. ఇలాంటి సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు వాటి కింద వేసేవాళ్లు కాదు. అన్నేళ్లు లక్షల పిల్లల్ని నిద్రపోనివ్వని మనిషికి పేరు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధే. అవి పుస్తకాలుగా వచ్చాక ఆమె కొనుక్కుని ఆ పేరు మీద వేలు పెట్టి చదివింది.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. వీధి మొత్తానికీ ఒక్కటే టీవీ. మిద్దె మీద ఒకడు ఏంటెన్నా తిప్పడం, కిందినుంచి "వచ్చింది, వచ్చింది" అని అరుపులు. హిందీ ఎవరికీ రాదు, అయినా ఎవరికీ కథ చెప్పాల్సిన పని లేదు. ఆ పిల్ల నన్ను ఒళ్లో పెట్టుకుని దారాసింగ్ హనుమంతుణ్ణి గీసింది. తోక నాలో పట్టక చెక్క చట్రం మీదికి పాకింది.

తరవాత ఆమె కొడుకు వచ్చాడు. వాడి వీరుడు కత్తి పట్టినవాడు కాదు. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన "అమృతం" సీరియల్లో అంజి. ఏదో ఎత్తు వేయడం, అది బెడిసికొట్టడం, మళ్లీ వారం ఇంకో ఎత్తు. అద్దె కోసం వచ్చే ఇంటి ఓనరు అప్పాజీ, హోటల్ వంటింట్లో సర్వం. వాడు నా మీద ఆ హోటల్ పేరు "అమృత విలాస్" అని బోర్డు రాసి, గుమ్మానికి ఆనించి, వచ్చినవాళ్లకు ఉత్త పళ్లేలు వడ్డించేవాడు.

2018 ఫిబ్రవరిలో, అంజిగా వేసిన గుండు హనుమంతరావు గారు పోయిన రోజు, హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్న ఆ కొడుకు ఫోన్ చేశాడు.

"అమ్మా, అంజి పోయాడే."

ఏ అంజి అని ఆమె అడగలేదు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేకపోయారు. తరవాత వాడొక ఎపిసోడ్ ఎత్తుకున్నాడు. అది కాదు, అసలు నవ్వు ఇంకోదాంట్లో ఉందని ఆమె వాదించింది. గిద్దలూరులో ఉన్న ఆమె తమ్ముణ్ణి కూడా లైన్లో కలిపారు. వాడు మూడోది చెప్పాడు.