భూగోళం మాస్టారి సూర్యాస్తమయం

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఆ పడవను ఎంచుకున్నది నేనే. మా ఆవిడ వద్దంది. మా అబ్బాయి జర్మనీ నుంచి ఫోన్లో వద్దన్నాడు. ఆఖరికి నా కడుపు కూడా ఆ పొద్దుటి నుంచీ వద్దు వద్దనే గొణుగుతోంది. మెజారిటీ మాట నేను వినలేదు.

అసలు దీనికంతటికీ మూలం మా తోడల్లుడు. కిందటేడు ఆయన స్విట్జర్లాండు వెళ్లి, మంచుకొండ మీద నల్లకళ్లద్దాలు పెట్టుకుని నుంచుని, ఆ ఫోటో మా అత్తవారి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. నలభై ఒక్క చప్పట్లు వచ్చాయి దానికి. లెక్కపెట్టావా అంటారేమో, పెట్టాను. మీరు మాత్రం పెట్టరేం? ఇరిగేషన్ శాఖలో రిటైరైన మనిషి, ఆల్ప్స్ ముడుత పర్వతాలని కూడా తెలియని మనిషి అక్కడ నుంచుని నవ్వుతుంటే, ముప్ఫై రెండేళ్లు రాజమండ్రిలో పిల్లలకి భూగోళం చెప్పిన నేను మా వసారాలో పడక్కుర్చీలో కూర్చుని దానికో బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకోవాల్సొచ్చింది. ఆ బొటనవేలు ఏడాదిపాటు సలిపింది.

అందుకే ఈ జూన్ చివర్లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు, "ఇటలీ చూస్తావా నాన్నా" అని వాడు అడగ్గానే, వాడి నోట మాట పూర్తి కాకుండానే ఒప్పేసుకున్నాను. వాడికి సెలవు దొరకలేదు. నేపుల్స్ దాకా మా ఇద్దరికీ విమానం టికెట్లు కొని, అక్కడికి దక్షిణాన సలెర్నోలో గది తీసి పంపించాడు. అమాల్ఫి తీరంలోని ఊళ్లలో ఉండాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలిట. సలెర్నో అయితే ఆ తీరానికి తూర్పు గుమ్మం, గది మన తాహతులో ఉంటుంది.

బయల్దేరే ముందు గ్రూపులో ఓ సందేశం పెట్టాను. ఉత్త "వెళ్తున్నాం" అని పెడితే నేనెందుకవుతాను? "మధ్యధరా శీతోష్ణస్థితి: వేసవి అంతా పొడి వాతావరణం, నిర్మలమైన ఆకాశం, శీతాకాలంలో వర్షం, నిమ్మ, నారింజ, ద్రాక్ష, ఆలివ్ ముఖ్యమైన పంటలు" అని నాలుగు మార్కుల జవాబు మొత్తం దించేశాను. ఈ సందేశాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక పడవ సంగతి. ఆ తీరాన్ని చూడాలంటే సముద్రం మీంచే చూడాలని అందరూ చెప్తారు. అందులో నిజం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కొండ చెక్కి రోడ్డు వేసేదాకా ఆ ఊళ్లకి అసలు వీధి సముద్రమే. ఇళ్లన్నీ మొహం అటు పెట్టుకునే ఉంటాయి. వెనకాల లత్తారి కొండలు. లత్తారి అంటే పాలకి సంబంధించిన మాటేనట, మేకల పాల వల్ల వచ్చిన పేరు. మన కడప వైపు పాలకొండలు ఉన్నాయి కదా, అలాగన్నమాట. ఇదంతా రాత్రి గదిలో మా ఆవిడకి చెప్తే, "పడవ సంగతి తేల్చండి, నిద్రొస్తోంది" అంది.

తేల్చడానికి చాలా రకాలున్నాయక్కడ. మొదటిది అందరూ ఎక్కే ఫెర్రీ. సలెర్నోలో ఎక్కితే ముప్పావుగంటలోపే అమాల్ఫి, గంటా పది నిమిషాల్లో పొజిటానో. చవక. మా అబ్బాయి చెప్పింది ఇదే. "ఫెర్రీ అంటే మన పాపికొండల లాంచీయేగా, దానికి ఇటలీ దాకా రావాలా?" అని కొట్టిపారేశాను. రెండోది, పదీపన్నెండు మందితో కాప్రి ద్వీపానికి తీసుకెళ్లే టూరు. అక్కడ నీలిగుహ ఉంది. నీళ్ల అడుగునున్న పెద్ద రంధ్రంలోంచి ఎండ లోపలికొచ్చి, నీరు తక్కిన రంగులన్నీ మింగేసి నీలం ఒక్కటే వదిలితే గుహంతా వెలిగిపోతుంది. తీరా చదివితే దాని టికెట్టు టూరులో కలవదు, వేరే కొనుక్కోవాలి. అల లేస్తే గుహ మూసేస్తారు. పైగా ద్వారం ఎత్తు ఒక్క మీటరు. చిన్న పడవలో వెల్లకిలా పడుకుంటేనే లోపలికి దూరనిస్తారు. నా పొట్ట నుంచున్నా పడుకున్నా ఒకటే ఎత్తు. ఈ కారణం మా ఆవిడకి చెప్పలేదు. "గుంపుతో మనకెందుకే" అన్నాను.

మూడోది చూసి నా గుండె కాసేపు ఆగింది. నలభై హార్స్‌పవర్ లోపు మోటారైతే లైసెన్సు లేకపోయినా ఎవరి పడవ వాళ్లే నడుపుకోవచ్చట! గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి కదా అని ఓ చిరునవ్వు నవ్వుకున్నాను. ఆ నవ్వు చూసి మా ఆవిడ ఫోను లాక్కుంది. నా జీవితంలో ఆవిడ చేసిన ఉపకారాల్లో దానికి మొదటి మూడింటిలో చోటుంటుంది.

నాలుగోది గొట్సో. వెనకటి జాలరుల చెక్కపడవ తీరులో కట్టి, మోటారు పెట్టి, ముందు భాగంలో తెల్లటి పరుపులు పరిచిన సొగసైన పడవ. కెప్టెన్ ఉంటాడు, మనిద్దరం ఉంటాం, అంతే. ఫోటోలో ఓ జంట ఆ పరుపుల మీద వాలి గ్లాసులు పట్టుకుని ఉన్నారు. కింద "సూర్యాస్తమయ విహారం" అని రాసుంది. ఇంక నేను చదవలేదు. మా తోడల్లుడి మొహం కళ్లముందు మెదిలింది.

"పొద్దున్నే వెళ్తే హాయిగా ఉంటుందేమోనండీ" అంది మా ఆవిడ.

కాగితం రుమాలు మీద ఇటలీ పటం గీశాను. ఇటలీ బూటులా ఉంటుందని ముప్ఫై రెండేళ్లు నల్లబల్ల మీద గీసిన చెయ్యి. "చూడు, మన కాకినాడ తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. ఇది పడమటి తీరం. సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు. దిగుతున్న సూర్యుడు, ముందు నువ్వు, నేను. పొద్దున్నయితే ఏముంటుందే, ఉత్త నీళ్లు!" ఆవిడ రుమాలు తీసి మూతి తుడుచుకుంది.

సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర దాకా మాట్లాడుకున్నాను. నాలుగు వందల యూరోల పైమాట. డీజిలు అందులో కలిసిందా, పడవలో నీడ ఉందా, ఒంటికి రెంటికి ఏర్పాటుందా, సముద్రం అల్లకల్లోలమైతే డబ్బు వెనక్కిస్తారా? బుద్ధున్నవాడు అడిగే ప్రశ్నలివి. నేనడిగింది ఒక్కటే: "ఎల్లుండి సముద్రపు పోటు ఎన్నింటికి?" అవతల్నుంచి చాలాసేపు జవాబు రాలేదు. ఆ తీరంలో పోటూపాటూ మూరెడు దాటవు. జిబ్రాల్టర్ దగ్గర మధ్యధరా మూతి 14 కిలోమీటర్లే, అందులోంచి మహాసముద్రపు పోటు ఏపాటి వస్తుంది? ఇదీ నేను పాఠంలో చెప్పిందే. చెప్పినవన్నీ మనకి గుర్తుంటాయని ఎవరన్నారు?

ఆ రోజు సలెర్నో నుంచి అమాల్ఫికి బస్సులో వెళ్లాం. ఆ రోడ్డు పాము విడిచిన కుబుసంలా ఉంటుంది. డ్రైవరు ప్రతి మలుపులో హారన్ కొట్టాడు, నా కడుపు ప్రతి మలుపులో బదులిచ్చింది. దిగాక మా ఆవిడ గదిలో కలిపి తెచ్చిన పులిహోర రెండు గిన్నెలు లాగించాను. సముద్రం మీద ఆకలేస్తుందని. ఆ తీరంలో నారబట్టలకి పేరని విని ఓ తెల్ల చొక్కా, గడ్డిటోపీ కొన్నాను. అద్దంలో చూసుకుంటే నా కంటికి నేనే ఇటాలియన్ జమీందారులా కనిపించాను. మా ఆవిడ కంటికి ఎలా కనిపించానో ఆవిడ దయతో చెప్పలేదు.

కెప్టెన్ పాతికేళ్ల కుర్రాడు. భూగోళం చెప్పేవాణ్ణని నోరు జారాను. "ఓ, ప్రొఫెస్సోరె!" అని చెయ్యందించాడు. హైస్కూలు మాస్టార్ని ప్రొఫెసరంటే ఎవరు కాదంటారు చెప్పండి? ఆ మాట తలకెక్కింది. పచ్చగుహ అనే చోటికి రాగానే, దాన్ని 1932లో ఓ జాలరి కనిపెట్టాడని వాడు మొదలెట్టాడో లేదో, నేనందుకుని సున్నపురాయి ఎలా కరుగుతుందో, మా బొర్రా గుహల్లో ఎలా వేలాడుతుందో చెప్పుకొచ్చాను. తర్వాత ఫురోరె వచ్చింది. రెండు కొండల మధ్య సన్నటి చీలిక, పైన ఎత్తుగా వంతెన, అడుగున చిన్న ఇసుకరేవు. "ఫియోర్డో" అని చూపించాడు వాడు. "కాదు బాబూ, ఫియర్డ్ అంటే హిమానీనదం తొలవాలి. దీన్ని వాగు కోసింది" అని దిద్దాను. తన ఊరి కొండని నేను దిద్దుతుంటే పాపం వాడు తలూపాడు.

అప్పటికి నాలుగున్నర దాటింది. గాలి మొదలైంది.

మీకొక పాఠం చెప్తాను, ఎనిమిదో తరగతిది. పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది. ఆ చోటులోకి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. దీన్నే సముద్ర పవనం అంటారు. ఇది మధ్యాహ్నం నుంచి ముదురుతుంది. ఆ గాలి లేవకముందు, పొద్దున పూట సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంటుంది. ఈ పాఠం ఏటేటా చెప్పాను. ఏటేటా పరీక్షలో ఇచ్చాను. రాయని పిల్లల్ని గోడకుర్చీ కూడా వేయించాను. వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, నాయనా, నన్ను క్షమించండి.

"లిబెచ్చో" అని గాలి పేరు చెప్పాడు కెప్టెన్, నైరుతి వైపు గడ్డం చూపించి. ప్రయానో ఊరు దాటేసరికి పడవ ముక్కు లేవడం, దభీమని పడడం. నేనా, పొజిటానో ఫోటో కోసం ఫోను స్క్రీనులోకి తల దూర్చి కూర్చున్నాను. పడవ ఊగుతోందని లోపలి చెవికి తెలుస్తూ, కళ్లు మాత్రం కదలని బొమ్మని చూస్తుంటే మెదడుకి ఏది నమ్మాలో తెలీదు, దాని కోపం కడుపు మీద చూపిస్తుంది. "దూరం చూడండి ప్రొఫెస్సోరె, దిగంతం చూడండి" అని కెప్టెన్ అరుస్తున్నాడు, మా ఆవిడ "ఫోను వదలండి" అని అరుస్తోంది, నేను "ఒక్క ఫోటో" అంటున్నాను, నోట్లో నీళ్లూరాయి, చెమట పట్టింది, టోపీ ఎగిరి సముద్రంలో పడింది, దాన్నందుకోబోయి లేచాను, లేచినవాణ్ణి ఆగలేక పక్కకి పరిగెత్తి వంగాను, వంగింది ఏ వైపంటే, గాలి వచ్చే వైపు! నైరుతి వైపు! గాలి ఎటు నుంచి వస్తే దానికి ఆ పేరని తరతరాలకి నేర్పినవాణ్ణి, ఆ గాలికి ఎదురుగా నోరు తెరిచాను. రెండు గిన్నెల పులిహోర బయటికెళ్లినట్టే వెళ్లి, వెనక్కి తిరిగి, తెల్ల చొక్కా మీదికి, తెల్ల పరుపుల మీదికి, కొంచెం కెప్టెన్ మీదికి కూడా వచ్చింది. పసుపు మరక. నారబట్ట. ఇంక నే చెప్పను.

కుర్రాడు మంచివాడు. మోటారు తగ్గించి, పొడుగాటి అమాల్ఫి నిమ్మకాయ ఒకటి కోసి చేతిలో పెట్టాడు. దాన్ని వాసన చూస్తూ పరుపుల మీద కాదు, పడవ నేల మీద పడుకున్నాను. నాలుగు వందల యూరోలిచ్చి చూసింది ఆకాశం. అది రాజమండ్రిలో ఉచితం.

ఏడున్నర కావస్తుంటే మా ఆవిడ అడిగింది, "ఏమండీ, సూర్యుడు అటెందుకు పోతున్నాడు?"

లేచి చూశాను. సూర్యుడు కొండ వెనక్కి నడుస్తున్నాడు. నింపాదిగా, నాతో ఏ సంబంధమూ లేనట్టు. ఇది ఇటలీ పడమటి తీరమే, కాదనను. కానీ ఆ బూటు చీలమండకి కాస్త పైన ముల్లులా ఓ ద్వీపకల్పం పొడుచుకొచ్చింది. అమాల్ఫి తీరం ఆ ముల్లుకి దక్షిణపు అంచు. చూసేది దక్షిణానికి. పైగా జూన్ చివర సూర్యుడు కర్కటరేఖ దగ్గరుంటాడు, అస్తమించేది వాయవ్యాన. వాయవ్యాన ఏముంది? కొండ. రుమాలు మీద నేను గీసిన పటంలో ఆ ముల్లు లేదు. నల్లబల్ల మీద కూడా ఎప్పుడూ గీయలేదు. చిన్నదని వదిలేసేవాణ్ణి.

సముద్రంలో దిగే సూర్యుడి కోసం మేం నీడలో ఇంకో గంట ఊగాం. డబ్బిచ్చాం కదా.

మర్నాడు పొద్దున మా ఆవిడ నన్నడగలేదు. తనే రేవుకెళ్లి ఫెర్రీ టికెట్లు కొంది. పై అంతస్తులో కుడివైపు కూర్చోబెట్టింది. పడమరకి వెళ్తున్నాం కాబట్టి తీరమంతా కుడివైపే. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. నిమ్మతోటల మెట్లు, రంగుల గుమ్మటాలు, కొండకి అతుక్కున్న పొజిటానో ఇళ్లు ఒక్కొక్కటీ వచ్చి మొహం చూపించి పోతుంటే ఆవిడ మిగిలిన పులిహోర తింటూ చూసింది. నాకు పెట్టలేదు.

నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. ఫోనులో నిన్నటి ఫోటో ఒక్కటి కాస్త నిలకడగా వచ్చింది. చొక్కా కనపడకుండా మెడ దాకా కత్తిరించి, "మధ్యధరా సముద్రంలో సూర్యాస్తమయం" అని రాసి గ్రూపులో పెట్టాను.

రెండు నిమిషాల్లో మా తోడల్లుడు. "అన్నయ్యగారూ, చాలా బాగుంది. సూర్యుడేడీ?"

"మబ్బు పట్టింది తమ్ముడూ" అని కొట్టాను.

ఆయనేం మాట్లాడలేదు. బయల్దేరే రోజు నేను పెట్టిన సందేశాన్ని వెతికి తీసి, మళ్లీ గ్రూపులో వేశాడు. వేసవి అంతా పొడి వాతావరణం, నిర్మలమైన ఆకాశం. దాని కింద ఓ బొటనవేలు.

దానికి నలభై మూడు చప్పట్లు వచ్చాయి. అందులో ఒకటి నా పక్కన కూర్చుని పులిహోర తింటున్న మనిషిది.