తాళపత్ర రక్షామణికి సన్మానపత్రం

ప్రాచ్యలిఖిత భాండార పరిపాలనా ధురీణులు, తాళపత్ర ఏకాంతవాస ప్రదాతలు, పాఠకోపద్రవ నివారకులు, ఎన్నడూ తెరుచుకోని తాళంకప్పకు ప్రాణస్నేహితులు అయిన మహారాజశ్రీ అధికారివారి సముఖానికి, ఆ భాండారపు గుమ్మం దాకా రాగలిగిన భాగ్యానికే పులకించిపోయిన పాఠకజనం సమర్పించుకునే సన్మానపత్రం.

అయ్యా,

తెలుగు రాతప్రతులను కాపాడారని లోకం కొందరిని పొగుడుతూ ఉంటుంది. వారి తొందర తలచుకుంటేనే తమ స్థిమితం విలువ తెలిసివస్తుంది. కాలిన్ మెకంజీ కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడుతో ఊరూరి కైఫీయతులు రాయించి, 1821లో కన్నుమూసేదాకా పోగుచేస్తూనే ఉన్నాడు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పాఠానికి పాఠం పోల్చి చూయించి, 1829లో వేమన పద్యాలు అచ్చువేయించి, చేతులారా అప్పులపాలయ్యాడు. పరాయి దేశం నుంచి వచ్చినవారు, పాపం, కుదురుగా కూర్చోవడం తెలియనివారు. తమరో, అటువంటి కట్టలు వేలకొద్దీ ప్రభుత్వ ఖర్చు మీద నడిచివచ్చి తమ పక్కగదిలోనే చేరినా, అటువైపు ఒక్కసారైనా తొంగిచూడని జితేంద్రియులు.

మనవాళ్లలోనూ ఆ చాపల్యం లేకపోలేదు. మానవల్లి రామకృష్ణకవి, తంజావూరు సరస్వతీ మహలులో ప్రశాంతంగా పడుకుని ఉన్న నన్నెచోడుని కుమారసంభవాన్ని లేపి తెచ్చి 1909లో అచ్చువేయించారు. ఆ కవి నన్నయకు ముందువాడా, తర్వాతివాడా అని పండితులు ఆనాడు పట్టిన సిగపట్లు చాలాకాలం వదల్లేదు. అప్పుడు ఆ కొలువులో తమవంటి దయామయులు ఉండి ఉంటే నన్నెచోడుడి నిద్ర చెడేది కాదు, చరిత్రకారుల మనశ్శాంతి చెడేది కాదు, తెలుగు పిల్లలకు ఒక కావ్యం పేరు గుర్తుపెట్టుకునే శ్రమ ఉండేదే కాదు.

ప్రతి చూడాలని వచ్చినవారికి తమరు చేయించే తపస్సు సంగతి వేరే చెప్పాలి. పరిశోధక విద్యార్థి ముందుగా గైడు సంతకం, ఆపై శాఖాధిపతి సంతకం, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ, పై కార్యాలయం అనుమతి, ఇన్నీ సంపాదించి, కావలసిన కట్ట నంబరు వేసి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ నంబరు ఉండేది కేటలాగులో. ఆ కేటలాగు ఉండేది భాండారం లోపల. లోపలికి వెళ్లాలంటే నంబరు వేసిన దరఖాస్తు మంజూరు కావాలి. తర్కపండితులు తరతరాలుగా నోటితో చెప్పుకుంటూ వచ్చిన బీజాంకుర న్యాయానికి ఒక కార్యాలయాన్నే కట్టి చూపించిన ప్రజ్ఞ తమది. దూరాభారం నుంచి బస్సెక్కి వచ్చిన కుర్రవాడు వరండాలోని బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుని, ఆఫీసు వేళ ముగిశాక, తాను వెతుకుతున్న కావ్యం ఎంత దుర్లభమో కళ్లారా గ్రహించి వెళతాడు. ఈ గౌరవం ఆ కావ్యానికి దాన్ని రాయించిన రాజు కూడా ఇచ్చి ఉండడు.

పాఠకుల పట్ల ఇంత నియమం పాటించే తమరు, అల్పప్రాణుల పట్ల మాత్రం నియమాలన్నీ సడలించారు. రామబాణం పురుగును ఏ గెజిటెడ్ అధికారి సంతకమూ అడగలేదు. అది మొదటి పత్రంలో ప్రవేశించి, అన్ని ఆశ్వాసాలనూ ఆమూలాగ్రం ఆకళించుకుని, చివరి పత్రంలో బయటికి వస్తున్నది. తమ భాండారంలో గ్రంథాన్ని సాంతం చదివి ముగించిన ఏకైక పరిశోధకుని ఘనత దానిదే. తాళ్లపాకవారు సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల కొండమీద అరలో భద్రం చేశారు. శతాబ్దాలు గడిచాయి, ఆ రేకులు ఒక్క పురుగు కడుపైనా నింపలేదు. అంతటి లోభం తమ దరిదాపులకు రాదు.

తాటాకుకు నూనె పట్టించాలని, నిమ్మగడ్డి నూనె ఏడాదికోసారైనా రాస్తే ఆకు మెత్తబడి వంగుతుందని, పురుగు దగ్గరకు రాదని, రాతలోని మసి వెలిస్తే మళ్లీ దిద్దాలని పాతవాళ్లకు ఒక చాదస్తం ఉండేది. ఆ నూనె డబ్బాలను తమరు మార్చి నెలాఖరులో, నిధులు మురిగిపోకుండా, నియమం తప్పక కొంటున్నారు. వాటి సీలు చెక్కుచెదరకపోవడం ఆడిట్‌వారు సైతం మెచ్చిన విషయం. ఇక చలువ యంత్రం. పదిన్నరకు వేయించి, అయిదింటికి ఆపించి, సెలవు దినాల్లో దానికీ సెలవిచ్చి, ప్రతి పత్రానికీ రోజూ ఒక హేమంతం, ఒక గ్రీష్మం అనుభవింపజేస్తున్నారు. ఎప్పుడూ ఒకే తీరు గాలి తగిలే పల్లెటూరి అటక మీద ఆ ఆకులు రెండు వందల ఏళ్లు మార్పు ఎరగక విసిగిపోయి ఉంటాయి. ముడుచుకోవడం, సాగడం, నిలువునా చీలడం వంటి అనుభవాలు వాటికి తమ హయాంలోనే కలిగాయి.

ఒక కట్టను దగ్గరగా దర్శించే యోగం మాకు పట్టింది. శ్రీతాళ పత్రాలు, మూరెడు పొడవు, ఒకప్పుడు రెండు చెక్క పలకల నడుమ, రంధ్రం గుండా దూర్చిన తాడుతో క్రమం తప్పక కూర్చినవి. ఆ ముతక తాడును తీయించి తమరు రబ్బరు బ్యాండు వేయించారు. వేసవికి అది కరిగి పై ఆకుకు అంటుకుని, తీయబోతే రెండు పద్యాలను పట్టుకుని వచ్చింది. తాడు బంధం వీడిన పత్రాలు తమ ఇచ్ఛ వచ్చిన వరసలో కూర్చున్నాయి. వనవిహారం తర్వాత పెళ్లి, దాని తర్వాత నాయిక పుట్టుక, ఇలా కొత్త నడక సంతరించుకుంది ప్రబంధం. గంటంతో గీసిన ఆ అక్షరం ఎంత సన్నదంటే, మసి పోయిన చోట దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే తప్ప కనిపించదు. అలా పట్టుకుని చూస్తే ఆశ్వాసాంత గద్యలో కవి పేరు, తండ్రి పేరు, గోత్రం స్పష్టంగా ఉన్నాయి. కేటలాగులో ఆ కట్ట ఎదుట ‘కర్త తెలియదు, అసమగ్రం’ అని ఉంది. జీవితమంతా ధారపోసి కావ్యం రాసిన మనిషిని ఆఖరి మమకారమైన పేరు నుంచి కూడా విముక్తుణ్ణి చేయడం సామాన్య గురువులకు సాధ్యమయ్యే పనా! ‘అసమగ్రం’ అన్న మాటా రాసిన నాటికి తొందరపడి రాసిందే, ఈనాటికి సత్యవాక్కు అయింది.

అలంకార ప్రియత్వంలోనూ తమరికి తామే సాటి. ఏ నవాబు కొలువులోనో తయారైన పార్సీ ప్రతి ఒకటి తమ అధీనంలో ఉంది. దాని తొలి పుట మీద బంగారు పూత, నీలిరాయి నూరి తీసిన రంగు, వెంట్రుకవాసి గీతలతో అల్లిన తీగలు. ఆ చిత్రకారుడు ఎంత నేర్పరి అయినా నట్టనడుమ కాస్త బంగారాన్ని ఖాళీగా వదిలేశాడు. ఆ లోపాన్ని తమరు ఊదారంగు రబ్బరు ముద్రతో పూరించి, పక్కనే బాల్‌పెన్నుతో నంబరు వేసి, చిరిగిన అంచుకు పారదర్శకమైన టేపు అతికించి, కృతిని సమగ్రం చేశారు. టేపు జిగురు కాలక్రమాన పసుపు పచ్చగా మారి, అసలు బంగారానికి పోటీ వస్తున్నది.

2003లో కేంద్రం రాతప్రతుల కోసం జాతీయ మిషన్ నెలకొల్పినది మొదలు, ఫొటోలు తీసి అందరికీ చూపాలన్న మాట దేశమంతటా వినిపిస్తున్నది. తమరూ ఆ పుణ్యకార్యం జరిపించారు. ఆకు పట్టుకున్న ఉద్యోగి బొటనవేలు ప్రతి ఫొటోలోనూ మొదటి నాలుగు అక్షరాల మీద విరాజిల్లుతున్నది. భాండార సిబ్బంది చేసిన సేవకు ఇంతకన్నా శాశ్వతమైన గుర్తు ఏముంటుంది? ఆ ఫొటోల హార్డ్ డిస్కును తాళపత్రాలున్న బీరువాలోనే, అదే తాళం కింద ఉంచడంలోని సమదృష్టి వేదాంతులకే అందాలి.

పాత లేఖకులు గ్రంథం ముగించాక ఒక వేడుకోలు రాసుకునేవారు. నడుము వంగి, మెడ పట్టేసి, ఎంతో కష్టపడి రాశాను. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి దీన్ని కాపాడండి, మూర్ఖుడి చేతిలో మాత్రం పెట్టకండి అని దాని సారం. నూనె చుక్కైనా తగలకుండా తమరు కాపాడిన వైనం ఇంతకు ముందే మనవి చేశాం. వానాకాలంలో ఈశాన్య మూల కారే ధార కింద బకెట్టు పెట్టించి నీటి సంగతీ చూశారు. బకెట్టు నిండే వేళ ఆఫీసు వేళ కాకపోవడం వరుణుడి క్రమశిక్షణా రాహిత్యం. కట్టు ఎంత బిగువో రబ్బరు బ్యాండే సాక్షి. చివరి కోరిక మాటకు వస్తే, తమరు పదవి స్వీకరించిన నాటి నుంచి నేటి దాకా ఆ కట్టలు మరొకరి చేతికి వెళ్లనేలేదు.

తమరి పదవీ విరమణ దగ్గరపడుతున్నదని తెలిసి, మరి అయిదేళ్లు పొడిగించమని ప్రభుత్వానికి మహజరు పెట్టుకోవాలని పాఠకులమంతా అనుకున్నాం. బీరువాల్లో ఇంకా అక్షరం ఆనవాలున్న కట్టలను లెక్క చూశాక, తమ సామర్థ్యానికి ఆరు నెలలు చాలునని ఏకగ్రీవంగా తీర్మానించి, ఈ శాలువా సమర్పించుకుంటున్నాం.