బోట్లకు బేడీలు

విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దిన బోట్ల వెనక కుట్ర ఉందని 2024 సెప్టెంబరు వరదల తర్వాత పాలకులు తేల్చేశారు. కేసు కట్టారు, ఇద్దర్ని అరెస్టు చేశారు. బోట్ల మీది రంగు ఏ పార్టీదో కూడా పోల్చేశారు. అప్పటికి రోజుల తరబడి ఇంట్లోంచి బురద ఎత్తిపోసుకుంటున్న సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ జనానికి ఇంతకన్నా ఊరట ఏముంటుంది? పాపం, వాన కురిసిందనీ, బుడమేరు కట్ట తెగిందనీ, అందుకే మునిగామనీ వాళ్లు అప్పటిదాకా అనుకున్నారు. ఫ్రిజ్జు పోయింది, ఆటో పోయింది, పిల్లల సర్టిఫికెట్లు నాని ముద్దయ్యాయి. పోతే పోయాయి, దొంగ మాత్రం దొరికాడు. దొంగ ఇనుముతో చేసినవాడు, టన్నుల కొద్దీ బరువున్నవాడు, కదలమన్నా కదలనివాడు. గేట్ల దగ్గర్నుంచి వాణ్ని లాగడానికి ఇంజినీర్లూ గజ ఈతగాళ్లూ రోజుల తరబడి తంటాలు పడ్డారు. ఇంత మొండి ముద్దాయిని మన పోలీసులు ఈ మధ్య చూసి ఉండరు.

ఇంత మంచి పద్ధతిని మూడు బోట్లతో ఆపేయడం మాత్రం అన్యాయం. దర్యాప్తు అంటే మూలాల్లోకి వెళ్లాలి. కళింగపట్నం దగ్గర ఆగస్టు 31 అర్ధరాత్రి తీరం దాటిన వాయుగుండాన్ని ముందు పట్టుకోవాలి. ఎవరి అనుమతితో దాటింది? అక్కణ్నుంచి తెలంగాణలో జొరబడి, మున్నేరును రెచ్చగొట్టి ఖమ్మాన్ని ముంచింది కాబట్టి ఇది అంతర్రాష్ట్ర ముఠా. లుకౌట్ నోటీసు తప్పదు. తర్వాత కృష్ణమ్మ. సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు బ్యారేజీ దగ్గర గుమిగూడాయి. పాత చట్టంలో 144, కొత్త చట్టంలో 163, ఏదో ఒక సెక్షను కింద చెదరగొట్టాల్సిన గుంపు అది. పైగా 2009 అక్టోబరులో కూడా 11.10 లక్షలతో ఇదే చోట గుమిగూడిన చరిత్ర ఉంది. ఇక బుడమేరు సంగతి చెప్పనక్కర్లేదు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేట్లో తలదాచుకునే ఈ వాగు మీద రౌడీషీటు తెరిచి దశాబ్దాలైంది. 2005లోనూ ఇవే వీధుల మీద పడింది. ‘బెజవాడ దుఃఖదాయని’ అన్న మారుపేరు కూడా జనమే పెట్టారు. ఎన్నికలు వస్తే చిల్లర రౌడీలను సైతం ఠాణాకు పిలిచి బైండోవరు రాయించుకునే రాష్ట్రం మనది. ఇంత పేరుమోసిన పాత నేరస్తురాలి ఇంటి ముందు ఆ శనివారం రాత్రి ఒక్క కానిస్టేబులైనా ఎందుకు కాపలా లేడని అడిగితే, ఈసారి నీళ్లు నమిలేది బుడమేరు కాదు.

కోర్టుకు వెళ్తే బోట్ల తరఫు వకీలుకు పెద్ద పని కూడా ఉండదు. బోట్లు గేట్లను గుద్దేసరికే సింగ్‌నగర్ మునిగి ఉంది. బోట్లున్నది కృష్ణలో, ఊరిని ముంచిన నీళ్లు బుడమేరువి. 67, 69, 70 నంబరు గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్న మాట నిజం. బ్యారేజీ మాత్రం నిలబడింది, రికార్డు వరదను కిందికి వదిలింది. తుంగభద్రలో కొట్టుకుపోయిన గేటును ఆ ఆగస్టులోనే చక్కబెట్టి వచ్చిన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఇక్కడికీ వచ్చి, కుట్ర ఎవరిదని అడక్కుండా, బరువులు మార్చే పనిలో పడ్డారు. బోట్ల మీద విచారణ వద్దని నేను అనడం లేదు. వరద తరుముకొస్తుంటే అంతంత బోట్లను గట్టిగా కట్టెయ్యకుండా వదిలేయడం నేరమే. అయితే ఆ సూత్రాన్నే ఇంకొంచెం పైకి, కొండపల్లి దాకా, కవులూరు దాకా తీసుకెళ్లండి. అక్కడ బుడమేరు మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి. ఆ కాలువ 15 వేల క్యూసెక్కులకు కట్టింది, వచ్చింది అంతకు రెండింతల పైమాటే. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీళ్లు పవిత్ర సంగమం దగ్గర నదిలో కలవలేక వెనక్కి తంతాయనీ, కాలువను పెంచాలనీ ఇంజినీర్లు చెబుతూనే వచ్చారు, ఫైళ్లు కదులుతూనే ఆగాయి. బోటును కట్టనివాడిది కుట్ర అయితే, గట్టును కట్టనివాడిది ఏమిటి?

ఈ ప్రశ్న అడగాల్సిన ప్రతిపక్షం ఏం చేసిందంటే, తన ఎఫ్ఐఆర్ తాను రాసుకుంది. ఇది మనుషులు తెచ్చిన వరదనీ, ముఖ్యమంత్రి ఉండవల్లి ఇల్లు మునక్కుండా బుడమేరు మీది వెలగలేరు లాకులెత్తి ఊరి మీదికి వదిలారనీ జగన్‌గారి అభియోగం. వారి కేసులో బోట్లు సాక్షులు, లాకులు ముద్దాయిలు. ఆయన ఏలిన అయిదేళ్లలో ఆ కాలువ ఎన్ని అడుగులు వెడల్పయిందన్న పేజీ మాత్రం ఆ ఫిర్యాదులో చిరిగిపోయింది. అంతకు ముందు అయిదేళ్లు ఏలినవారి ఫిర్యాదులోనూ సరిగ్గా అదే పేజీ లేదు. రెండు పక్షాలూ ఒక మాట మీద నిలబడటం ఈ రాష్ట్రంలో అరుదు. కాలువ సంగతి ఎత్తకూడదన్న విషయంలో నిలబడ్డాయి.

ఇంత వాన ఎవరైనా ఊహించగలరా అంటారు. కృష్ణకు వచ్చింది రికార్డే, ఒప్పుకుందాం. కానీ ఆ రికార్డును మోసిన బ్యారేజీ నిలిచి, ఓ వాగుకు వచ్చిన పోటుకు నగరంలో పెద్ద భాగం మునిగిందంటే తప్పు వానది కాదు, లెక్కది. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు, రాత్రిపూట పడవెక్కి తిరిగారు, డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపారు కదా అంటారు. నిజమే, ఆ వయసులో ఆ తిరుగుడు తేలిక కాదు, ఆ పొట్లంతో కడుపు నిండిన ఇల్లూ ఉంది. అయితే అదంతా మునిగిన తర్వాతి కథ. మునగకముందు సంగతి అడిగితే, అన్ని లక్షల మందిని రాత్రికి రాత్రి ఎలా తరలిస్తామని అధికారుల వాదన. 2013లో ఫైలిన్ తుఫాను వస్తోందంటే మన తీరం నుంచి లక్షకు పైగా జనాన్ని ముందే ఒడ్డు దాటించింది అప్పటి ఉమ్మడి రాష్ట్ర యంత్రాంగమే, ఈ అధికారుల అన్నగార్లే. సరే, తరలించలేరు. చెప్పగలరుగా? మైకు కట్టిన ఒక ఆటో వీధిలోంచి వెళ్తే చాలు. కింది ఇంటివాళ్లు బియ్యం డబ్బా ఎత్తుకుని పైఅంతస్తుకు ఎక్కుతారు, బండ్లను ఫ్లైఓవర్ మీద పెట్టుకుంటారు, నెలలు నిండిన కూతుర్ని చుట్టాలింటికి పంపేస్తారు, బిందెల్లో మంచినీళ్లు పట్టుకుంటారు. దానికి హెలికాప్టర్ అక్కర్లేదు, సైన్యం అక్కర్లేదు. ఎన్నికల ప్రచారమప్పుడు అదే సింగ్‌నగర్ సందుల్లో నిద్రపట్టనివ్వని మైకులు ఆ రాత్రి ఏ గోడౌన్లో పడుకున్నాయి?

ఆ ఆదివారం సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర వేల మంది నిలబడి లోపలున్న తమవాళ్ల కోసం నీళ్లకేసి చూశారు. వాళ్లకు కావలసింది కూడా బోట్లే. అవి లేవు. ఉన్న కొన్ని ప్రైవేటు పడవలు మనిషికి వేల రూపాయలు అడిగాయి. ఇవ్వగలిగినవాళ్లు ముసలివాళ్లను బయటికి తెచ్చుకున్నారు, ఇవ్వలేనివాళ్లు పీకల్లోతు నీళ్లలో పిల్లలను భుజాన వేసుకుని నడిచారు. డాబాల మీద రెండు మూడు రాత్రులు కరెంటు లేక, తాగడానికి నీళ్లు లేక, చుట్టూ నీళ్లతో కూర్చున్నారు. రాష్ట్రంలో 40 మందికి పైగా చచ్చిపోయారు. ఆ చావులను పక్కన పెట్టి బోటు మీద నీలం రంగు ఉందా, పసుపు రంగు ఉందా అని వెతికినవాళ్లను చూస్తే నవ్వు రాలేదు. సిగ్గు ఉండాలి. ‘మాకు ఎవరూ చెప్పలేదు’ అని ఆ వీధుల్లో ప్రతి గుమ్మం అంది. ప్రభుత్వం జవాబు చెప్పాల్సింది ఆ మూడు మాటలకు. రంగులకు కాదు.

బోట్ల కేసు నడుపుకోండి, అభ్యంతరం లేదు. దాంతోపాటు ఒక చిన్న పని చేయండి. వెలగలేరు దగ్గర నీళ్లు పెరిగినప్పుడు సింగ్‌నగర్‌కు కబురు చెప్పాల్సిన అధికారి ఎవరో, ఆయన హోదా ఏమిటో, ఏ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తుతారో ఒక తెల్లకాగితం మీద రాయించి, వచ్చే వానలోపు ఆ వీధుల్లో ప్రతి కరెంటు స్తంభానికీ అంటించండి. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పే మరక ఆ స్తంభాల మీద పడింది. దానికి ఒక అడుగు పైన అంటిస్తే చాలు.